ఒక్క రింగుకే

బావ చూపుడు వేలు ఎటు తిరిగితే చిన్నోడి తల అటు తిరుగుతోంది. హాల్లో ఈ మూల ఒక కెమెరా పెట్టాలట. వంటగది గుమ్మానికి ఎదురుగా ఇంకొకటి. పడగ్గదుల మధ్య నడవాలో మనిషి కదిలితే పసిగట్టే సెన్సారు. ముందు తలుపుకొకటి, పెరటి తలుపుకొకటి, తెరిస్తే చెప్పేవి. బావకి పెద్ద టైల్స్ షోరూము ఉంది. అక్కడ కొనడానికొచ్చిన వాళ్ళకి స్నానాల గదులు చూపించినంత హుషారుగా సొంత ఇల్లు చూపిస్తున్నాడు.

చిన్నోడంటే చిన్నవాడేమీ కాదు. ముప్పై దాటి చాన్నాళ్ళయింది, నడినెత్తిన జుట్టు పల్చబడింది, తల వంచితే గాని కొన్ని గుమ్మాల్లో పట్టడు. ఆఖరి సంతానం కావడంతో ఆ పేరు అతుక్కుపోయింది, ఇక ఊడదు. ఇళ్ళకీ దుకాణాలకీ దొంగల అలారాలు, కెమెరాలు బిగించడం అతని పని. బావ షోరూములో కెమెరాలు పెట్టిందీ అతనే. అప్పట్నుంచి బావకి ఫోనే లోకం. ఇంట్లో భోజనం చేస్తూ తెర మీద షోరూము చూస్తుంటాడు. ఎవడో సేల్స్‌మన్ ఆవలించాడని ఎంగిలి చేత్తోనే ఫోన్ చేసి దులిపేస్తాడు.

"వెనక గోడ సంగతేంటి బావా?" అని అడిగాడు చిన్నోడు.

వెనకింటి వాళ్ళు కొత్త గది కట్టుకుంటున్నారు. ఇసక కుప్ప గోడకి ఆనించి పోశారు. ఆ కుప్పెక్కితే నడుంనొప్పి ఉన్నవాడైనా ఇవతలికి దిగొచ్చు. చిన్నోడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు గేటు బయట నిలబడి, తానే దొంగైతే ఎటు వస్తానా అని చూసుకుంటాడు. ఇక్కడా చూశాడు. వచ్చేది అటువైపే. బావ చెప్పిన వాటిలో ఒక్కటీ అటు చూడటం లేదు. అన్నీ ఇంట్లోకే చూస్తున్నాయి.

బావ చెయ్యి విసిరేశాడు. అటెవడూ రాడన్నాడు. ముందు తను చెప్పినవి కానిమ్మన్నాడు. అంతలో అక్క రెండు కప్పుల టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం మూడు దాటిన వేళ, ఆమె జుట్టు తడిగా ఉంది. ముడి వేసుకుంది గాని మెడ మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. ఆమె వంగినప్పుడు సన్నగా బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది. చిన్నోడు అక్క నీళ్ళ ట్యాంకు కడిగించిందేమో అనుకున్నాడు.

బావ టీ వైపు చూడలేదు. అక్క జుట్టు వైపు చూశాడు, తర్వాత హాలు మూలకి చూశాడు.

"ఆ కెమెరా కొంచెం దించి పెట్టరా. మనిషి వచ్చీపోయేటప్పుడు మొహం సరిగ్గా పడాలి," అన్నాడు.

అక్క ఖాళీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. చిన్నోడు టీ సగంలోనే పక్కన పెట్టేశాడు. వేడి వల్ల కాదని అతనికి తెలుసు, ఎందువల్లో మాత్రం ఇంకా తెలియదు. కొలతలు తీసుకున్నాడు, గోడ కొట్టి చూశాడు, చూసిన చోటే మళ్ళీ చూశాడు. ఎల్లుండి సాయంత్రానికల్లా మొత్తం పని చేయాలని బావ చెబుతుంటే తల ఊపాడు. బావ మాట కాదనే అలవాటు అతనికి లేదు. షోరూముకి వచ్చిన ప్రతివాడితోనూ మా బావమరిది ఉన్నాడు, ఇంటికి అలారం పెడతాడు అని చెప్పి పంపేది బావే. చిన్నోడి చేతిలో ఉన్న పనుల్లో సగం అలా వచ్చినవే.

మర్నాడు పొద్దున్నే డ్రిల్లు, నిచ్చెన, డబ్బాలు వేసుకుని దిగాడు. బావ అప్పటికే షోరూముకి వెళ్ళిపోయాడు. అక్క ఒక్కతే ఉంది.

పని చేస్తుంటే చిన్నోడికి మామూలుగా నోరు ఊరుకోదు. ఎదుటివాళ్ళు అడిగినా అడక్కపోయినా అన్నీ చెబుతాడు. తలుపు సెన్సారులో రెండు ముక్కలుంటాయని, పెద్దది చట్రానికి, చిన్నది తలుపుకి అంటిస్తారని, చిన్నదానిలో ఉండేది ఉత్త అయస్కాంతమేనని అక్కకి చెప్పాడు. తలుపు మూసి ఉన్నంతసేపు రెండూ పక్కపక్కనే ఉంటాయి, పెద్దది నిశ్చింతగా ఉంటుంది. తలుపు తీయగానే అయస్కాంతం దూరమవుతుంది, ఇది గోల పెడుతుంది. అక్క ఊఁ కొడుతోంది గాని కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి.

నడవాలో సెన్సారు బిగించి బ్యాటరీ దగ్గర ప్లాస్టిక్ కాగితం లాగాడు. కొత్తగా బ్యాటరీ తగిలాక కాసేపు అది మనిషి కదిలినప్పుడల్లా ఎర్రగా వెలుగుతుంది. ఎక్కడిదాకా చూడగలదో అప్పుడే తేల్చుకోవాలి. దానికొక మనిషి అటూ ఇటూ నడవాలి. అక్కని నడవమన్నాడు. ఆమె పడగ్గది నుంచి హాల్లోకి నడిచింది, దీపం వెలిగింది. వెనక్కి తిరిగింది, వెలిగింది. గోడ వారగా వెళ్ళమన్నాడు, వెలిగింది. మెల్లగా వెళ్ళమన్నాడు, అయినా వెలిగింది.

"భలే పట్టేస్తోంది," అన్నాడు చిన్నోడు, పని కుదిరిన సంతోషంలో.

"ఆ," అంది అక్క. నడవా మధ్యలో ఆగిపోయింది. ఆమె కదలకపోయేసరికి దీపం ఆరిపోయింది.

పన్నెండు దాటాక ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. తినడం అవగానే చిన్నోడు అలవాటు కొద్దీ ఫోన్ తీసి తన ఇంటి కెమెరా తెరిచాడు. రెండేళ్ళ కింద, తను అలారాలు తెచ్చుకునే కంపెనీ నుంచి ఒక అలారం పెట్టె, ఒక కెమెరా తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. పనిలో కాస్త తీరిక దొరికితే చాలు, ఒకసారి ఇల్లు చూసుకుంటాడు. అతని భార్య ఇంటి దగ్గరే కంప్యూటర్ ముందు కూర్చుని దుకాణాల సరుకు వివరాలు ఎక్కించే పని చేస్తుంది. ఇప్పుడు తెర మీద ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి గోడ వైపు చూస్తోంది. చిన్నోడికి నవ్వొచ్చింది. అక్కకి సైగ చేసి భార్యకి ఫోన్ కలిపాడు. ఒక్క రింగు అయిందో లేదో ఎత్తింది.

"ఏంటి, గోడకి పాఠాలు చెబుతున్నావా?" అన్నాడు.

ఆవిడ ఏదో అంది, అతను నవ్వాడు, పెట్టేశాడు. నా ఫోనంటే చాలు, ఒక్క రింగుకే ఎత్తుతుంది, ఎంత పనిలో ఉన్నా సరే అని అక్కతో గొప్పగా చెప్పాడు. ఆ మాట అతను చాలామందికి చెప్పాడు, చెప్పినప్పుడల్లా అంతే సంతోషించాడు.

"నువ్వు చూస్తున్నట్టు తనకి తెలుసా?" అని అడిగింది అక్క.

"తెలిస్తే ఇంక మజా ఏముంది?"

అక్క లేచి కంచాలు కడగడానికి వెళ్ళింది. కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది, ముందు తలుపు తీస్తే బావ ఫోన్‌లో తెలుస్తుందా అని. తెలుస్తుందన్నాడు చిన్నోడు. ఎవరు తీశారో కూడానా అంది. హాల్లో కెమెరా ఉంటుందిగా, కనిపిస్తుందన్నాడు. ఎంతసేపటికి తిరిగొచ్చారో? అదీ తెలుస్తుంది, అదేగా దీని పని అన్నాడు. చెబుతూ చెబుతూ ఉండగానే అతని గొంతు తగ్గిపోయింది. నిన్నటి తడి జుట్టు, బావ చూపు, దించి పెట్టమన్న కెమెరా, అన్నీ ఒక్కసారి వచ్చి ముందు నిలబడ్డాయి. ఛీ, ఇంతసేపు నాకెందుకు తట్టలేదు అని తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఎక్కడికెళ్తున్నావక్కా?"

అక్క చీపురు మూలన ఉన్న సంచి తీసి చూపించింది. అందులో తువ్వాలు, టోపీ, ఇంకా తడి ఆరని ఈత దుస్తులు ఉన్నాయి. రెండు వీధుల అవతల మున్సిపాలిటీ ఈత కొలను ఉంది. మధ్యాహ్నం ఒక గంట ఆడవాళ్ళకి విడిగా ఇస్తారు. ఎండాకాలం మొదట్లో పక్కింటావిడ రమ్మంటే తోడుగా వెళ్ళింది. ఆవిడ నాలుగు రోజులకే మానేసింది, అక్క మానలేదు. మొదట్లో గట్టు పట్టుకుని వదిలేది కాదట. ఇప్పుడు ఈ చివర్నుంచి ఆ చివరికి ఆగకుండా వెళ్తుంది. చెబుతుంటే ఆమె మొహం చిన్నోడు ఎప్పుడూ చూడని మొహంలా ఉంది.

"బావకి చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెబితే ఎందుకంటారు. ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. నీళ్ళల్లో ఉన్నంతసేపు నన్ను ఎవరూ పిలవరురా చిన్నోడా. అంతే. అదొక జవాబా?"

అక్క పాదాలు నేల మీద నిలవడం లేదు. గడియారం చూసింది, సంచి మూసింది, మళ్ళీ తెరిచింది. వెళ్ళిరా అన్నాడు చిన్నోడు, ఇంకా ఏదీ మోగదుగా అన్నాడు. ఆమె చెప్పులేసుకుని దాదాపు పరిగెత్తింది. అతను ఖాళీ ఇంట్లో నిచ్చెన మీద కూర్చుని, తను బిగించిన వాటిని ఒక్కొక్కటే చూశాడు. తన చేతులతో తనే అక్కకి కాపలా కడుతున్నాడు. లేచి స్క్రూలు బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఒక ఉపాయంతో సిద్ధంగా ఉన్నాడు. తలుపు చట్రం మీదుండే ముక్క పక్కన రంగు వేసిన ఇంకో అయస్కాంతం దాచిపెడితే తలుపు తీసినా మూసినట్టే ఉంటుంది. హాలు కెమెరా సిగ్నల్ సరిగ్గా అందడం లేదని ఒక గంట పడుకోబెట్టొచ్చు. బావకి ఈ జన్మలో తెలియదు. అక్క తల తుడుచుకుంటూ అంతా విన్నది.

"ఇప్పుడు దాచుకుంటున్నది చాలదా? మళ్ళీ దానికొక అయస్కాంతమా? వద్దు. అవన్నీ పెట్టేశాక మానేస్తాలే," అంది.

మానేస్తాలే అన్న మాట ఆమె మామూలుగానే అంది, పాలు అయిపోయాయి అన్నంత మామూలుగా. అందుకే అది చిన్నోడిని వదల్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అతను ఒక చోట కూర్చోలేదు. టీవీ పెట్టాడు, తీసేశాడు. కంచం ముందు కూర్చుని సగంలో లేచాడు. ఏమైందని భార్య అడిగింది. పనిలో చికాకు అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు, ఏ విషయంలోనూ రెండోసారి అడిగే మనిషి కాదు.

మూడో రోజు ప్యానెల్ పని. గోడకి తగిలించే తెల్ల పెట్టె అది, మిగతావన్నీ దానికే కబుర్లు చేరవేస్తాయి. పెట్టె వెనకున్న క్యూఆర్ గుర్తుని ఒక ఫోన్‌కి చూపిస్తే గాని అది కళ్ళు తెరవదు. అది బావ ఫోన్ కావాలి. ఉదయం ఇంట్లో ఉంటానన్న బావ ఉండలేదు. టైల్స్ లారీ వచ్చింది, సగం పలకలు పగిలాయి, వాళ్ళతో గొడవ పడుతున్నానని ఫోన్‌లో అరిచాడు. నీ ఫోన్‌తో మొదలుపెట్టెయ్ అన్నాడు. తన నంబరు ఇప్పటికే వేరే పెట్టెకి కట్టేసి ఉంది, కుదరదని చిన్నోడు చెప్పాడు.

"అయితే మీ అక్క ఫోన్ తీసుకోరా. ఏ ఫోనైతే ఏంటి. సాయంత్రం నాకు మార్చుకుంటే పోలా," అని పెట్టేశాడు బావ.

చిన్నోడు ఆగిపోయిన ఫోన్‌ని చెవి దగ్గరే ఉంచుకుని నిలబడ్డాడు. షోరూములో ఉన్నవి ఉత్త కెమెరాలే, ఈ రకం పెట్టెకి మాత్రం ఒక పట్టుదల ఉంది. మొదట ఏ ఫోన్ దాన్ని తెరిస్తే ఆ ఫోనే దానికి యజమాని. మిగతా ఫోన్లు అతిథులు. యజమాని ఏది చూపిస్తే అతిథి అదే చూస్తాడు. మార్చుకోవాలంటే వెనక మీట నొక్కి మొత్తం చెరిపేసి, ప్రతి సెన్సారునూ మళ్ళీ మొదట్నుంచి కలపాలి. కొనేవాళ్ళందరికీ అతను మొట్టమొదట చెప్పే మాట ఇదే. బావకి మాత్రం ఇప్పుడు చెప్పలేదు. నోరు మెదపని తన తెలివికి లోలోపల గంతులేశాడు.

అక్క దగ్గరికెళ్ళి ఫోన్ ఇవ్వమన్నాడు. సంగతంతా గబగబా చెప్పాడు. బావే అన్నాడు, నేనేమీ చేయలేదు అన్నాడు. అక్క ఫోన్ ఇవ్వలేదు.

"ఆయన తెలియక అన్నారు. సాయంత్రం నా ముందు నువ్వు ఆయనకి తెలిసేలా చెబుతావా? అయితేనే ఇస్తాను."

చెప్పాలంటే చిన్నోడికి భయమే. బావ కోపం సంగతి ఎలా ఉన్నా, రేపట్నుంచి షోరూములో తన పేరు ఎత్తకపోతే చేతిలో పని సగం పోతుంది. కిటికీ దాకా వెళ్ళొచ్చాడు. చెబుతానన్నాడు.

అక్క ఫోన్‌కి పెట్టె వెనక గుర్తుని చూపించగానే ప్యానెల్ ఒకసారి కూసి, పచ్చగా వెలిగింది. ఇక ఒక్కొక్కటే. సెన్సారు పక్కనున్న చిన్న మీట నొక్కి పట్టుకోవాలి, దీపం మిణుకుమంటుంది, పెట్టె కూస్తుంది, ఫోన్ పేరు అడుగుతుంది. అక్క తనే పేర్లు రాసింది. ముందు తలుపు. పెరటి తలుపు. నడవా అని రాయబోయి ఆగింది. ఇది పగలు కూడా చూస్తుందా అంది. నువ్వు చూడమంటే చూస్తుంది, వద్దంటే పడుకుంటుంది అన్నాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడే చూడమని పెట్టించింది. కెమెరాల దగ్గరికొచ్చేసరికి, ఇవి బయట వానకి తట్టుకుంటాయా అని అడిగింది. తట్టుకునే రకమేనన్నాడు.

"అయితే హాల్లోది తీసి గేటుకి పెట్టు. వంటింటిది వెనక గోడకి. ఆ ఇసక కుప్ప చూస్తే నాకు మొదట్నుంచీ భయమే."

చిన్నోడు నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. యజమాని ఎక్కడ పెట్టమంటే మేం అక్కడ పెడతామండీ అని వంగి దండం పెట్టాడు. అక్క నెత్తిన మొట్టింది. ఎవరైనా కెమెరా తెరిచి చూస్తే, ఫలానావాళ్ళు చూస్తున్నారని యజమాని ఫోన్‌కి కబురొస్తుందని కూడా చెప్పాడు. ఇది కొనేవాళ్ళకి చెప్పే రెండో మాట.

మధ్యాహ్నం అక్క సంచి తీసుకుని బయల్దేరింది. తలుపు తీయగానే సంచిలోంచి ఆమె ఫోనే పలికింది, ముందు తలుపు తెరుచుకుంది అని. అక్క ఉలిక్కిపడి, తర్వాత నవ్వుకుంటూ మెట్లు దిగింది.

సాయంత్రం బావ వచ్చాడు, చొక్కా మీద టైల్స్ దుమ్ముతో. చెప్పులు విప్పుతూనే ఫోన్ తీశాడు, ఏదీ చూపించరా అన్నాడు. హాలు మూలన కెమెరా లేకపోవడం చూసి ఆగాడు. చిన్నోడు చెమట తుడుచుకుని మొదలుపెట్టాడు. మొదటి ఫోను సంగతి, యజమాని, అతిథి, మీట నొక్కి చెరిపేయడం, కొనేవాళ్ళకి చెప్పినట్టే వరసగా చెప్పాడు. పొద్దున ఫోన్‌లోనే చెప్పాల్సింది, కావాలనే చెప్పలేదని కూడా అన్నాడు.

బావ ముందు నవ్వాడు. బావమరిది వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడు. అక్క మొహం చూశాక నవ్వు మానేశాడు.

"అది చెరిపేసి నా దానికి పెట్టు."

"రోజంతా పడుతుంది బావా."

"అయితే రేపు రా."

"రాను బావా. కావాలంటే ఇంకెవరినైనా పిలిపించుకోండి. నేను మాత్రం రాను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని చిన్నోడు తనే ఆశ్చర్యపోయాడు. నువ్వు పని చేయడానికొచ్చావా, పంచాయతీ చేయడానికొచ్చావా అని బావ లేచాడు. అప్పుడు అక్క మాట్లాడింది. గొంతు పెంచలేదు. మధ్యాహ్నాలు ఈతకి వెళ్తున్నానంది. ఎప్పట్నుంచో, ఎక్కడికో చెప్పింది. ఆరేసిన తువ్వాలు తెచ్చి బల్ల మీద పెట్టింది, రుజువు అడిగినట్టు.

బావ కుర్చీలో కూలబడ్డాడు. ఆ తువ్వాలు వంక చూశాడు. ఈతా అన్నాడు. ఇన్ని రోజులూ అతను ఏమేమి ఊహించుకున్నాడో అంతా మొహంలో కనబడిపోయింది. చిన్నోడికి ఆ క్షణంలో బావ మీద జాలి కూడా వేసింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు బావ చివరికి.

"మీరు ఒక్క మాట అడగొచ్చుగా. తల తడిగా ఉందేంటని అడగడానికి ఇన్ని కెమెరాలు కావాలా?"

బావ లేచి ముందు తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. ముందు తలుపు తెరుచుకుంది అని అక్క ఫోన్ పలికింది. లోపలికొచ్చాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ పలికింది. మూడోసారి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, తలుపు మీద చెయ్యి వేసి, తీయాలో వద్దో తెలియనట్టు. గేటూ వెనక గోడా మీక్కూడా కనిపించేలా పెట్టాను, దొంగొస్తే మీకూ మోగుతుంది అని అక్క చెప్పింది. బావ తలుపు మీది నుంచి చెయ్యి తీసేశాడు. కాసేపటికి, ఆ కొలనులో లోతెంత ఉంటుందని అడిగాడు.

చిన్నోడు నిచ్చెన బండికి కట్టుకుని ఇంటికొచ్చాడు. మనసు తేలికై ఆకలి దంచేసింది. తింటూ తింటూ భార్యకి కథంతా చెప్పాడు, చేతులు ఊపుతూ, బావ గొంతూ అక్క గొంతూ తనే పలుకుతూ. రాను బావా అన్న చోట రెండుసార్లు చెప్పాడు. ఆవిడ వింటూ మధ్యలో ఫోన్ అందుకుని ఏదో నొక్కి పక్కన పెట్టింది. అంతా అయ్యాక అడిగింది.

"మనింట్లో పెట్టె ఎవరి ఫోన్‌తో తెరిచావో గుర్తుందా?"

చిన్నోడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. రెండేళ్ళ కింద అతని నంబరు కంపెనీలో కొనేవాళ్ళకి చూపించే పెట్టెకి కట్టేసి ఉంది, ఇప్పటికీ ఉంది. ఒక నంబరుకి ఒకటే పెట్టె. అందుకని భార్య ఫోన్ అడిగి తీసుకుని, గుర్తు చూపించి, తనని అతిథిగా చేర్చుకుని, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఊరందరికీ మొట్టమొదట చెప్పే మాట తన ఇంటి దగ్గర మర్చిపోయాడు. రెండో మాట కూడా మర్చిపోయాడు.

"నువ్వు కెమెరా తెరవగానే నా ఫోన్ చెబుతుంది. వెంటనే నువ్వు చేస్తావని చేతిలోకి తీసుకుంటాను. అందుకే ఒక్క రింగుకే ఎత్తేదాన్ని."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"నీ అంతట నువ్వే మానేస్తావేమోనని చూశాను."

 గోడకి పాఠాలు చెబుతున్నావా అని నిన్న మధ్యాహ్నం అన్న మాట గుర్తొచ్చింది. ఆ గదిలో ఆవిడ రెండేళ్ళుగా ఒంటరిగా ఉన్నానని ఒక్క క్షణమైనా అనుకుని ఉంటుందా? తీసెయ్, అతిథుల్లోంచి నన్ను తీసెయ్ అన్నాడు. తీసేశాను, ఇందాక మీ బావ గొంతుతో మాట్లాడుతున్నావు చూడు, అప్పుడే అని అంది ఆవిడ. తర్వాత అతని కంచంలో ఇంకొంచెం వడ్డించింది.

మర్నాడు ఒక మందుల దుకాణంలో పని. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికింది. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చోగానే అతని చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్ళింది. తెర తెరిచాడు. ఈ ఇంటిని చూసే అనుమతి మీకు లేదు అని రాసి ఉంది. కాసేపు ఆ అక్షరాలు చూసి, ఇంటికి ఫోన్ కలిపాడు.

ఒక రింగు అయింది. ఎత్తలేదు. రెండు, మూడు. చిన్నోడు లేచి నిలబడ్డాడు. వంటింట్లో ఉందా, మేడ మీదుందా, బయటికెళ్ళిందా, కునుకు తీస్తోందా, ఏమీ తెలియదు. దుకాణం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. రింగు మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేయడానికి వేలు పెట్టి, తీసేశాడు. డ్రిల్లు అందుకుని, పక్కన పెట్టాడు. దుకాణం ఆయన ఏమైనా పోయిందా బాబూ అని అడిగాడు. ఏమీ లేదండీ అన్నాడు.

చాలాసేపటికి ఆవిడే చేసింది.

"చేశావా? ఏంటి?"

ఎప్పుడూ ఏదో ఒకటి చూసి, ఆ చూసిన దాని మీద ఒక జోకు తయారుగా పెట్టుకుని ఫోన్ చేసేవాడు. ఇప్పుడు చేతిలో ఏమీ లేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదు. ఏం చేస్తున్నావు?" అన్నాడు.

జవాబు తెలియకుండా ఆ ప్రశ్న అడగడం అతనికి ఈ రెండేళ్ళలో అదే మొదటిసారి. అవతల ఆవిడకీ ఆ సంగతి తెలిసినట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. తర్వాత, పొద్దుట్నుంచీ ఏం చేసిందో మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.